జేబుల్లేని చొక్కాలు

కుట్టుపనిలో మాస్టారికి సాటి వచ్చేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఆ మాట ముందు అన్నది ఆయనే అయినా, కాదన్నవాళ్లు మాత్రం లేరు. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో సరిపెట్టుకున్న మనిషి, టేపు పట్టకుండానే భుజం కొలత చెప్పేవాడు. జడ్జిగారి కోటు ఆయన చేతి మీదే తయారైంది. ఆ జడ్జిగారు జైలుకు పంపిన వాళ్లకు కుట్టు నేర్పిందీ ఆయనే.

జైల్లో ఉన్నవాళ్లకు ఏదైనా పని నేర్పి పంపాలని అధికారులు తలపెట్టినప్పుడు, లోపలికి వెళ్లి నేర్పడానికి ముందుకొచ్చింది ఆయనొక్కడే. మూలపడ్డ మిషన్లకు నూనె పోసి, దుమ్ముపట్టిన గదిని కుట్టుగది చేశాడు. ఖైదీల బట్టలు ఖైదీలే కుట్టుకునేలా చేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇవాళ ఎక్కడెక్కడో సొంత కొట్లు నడుపుకుంటున్నారు.

వాళ్లందరిలోకీ మెరిక, అందరూ 'పొడుగు' అని పిలిచే ఒకతను. కాళ్లు మిషను కింద పట్టవుగానీ, అతను కుట్టు వేస్తే గీత గీసినట్టుండేది. శిక్ష పూర్తయి బయటికి రాగానే మాస్టారు అతన్ని తిన్నగా తన కొట్టుకే తీసుకొచ్చాడు.

కొట్టు నడిపేది అల్లుడు. జైలు నుంచి వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెడితే గిరాకీ గుమ్మం తొక్కదని అతని భయం. మామా అల్లుళ్లకు మాటా మాటా పెరిగింది. చివరికి బస్సు డిపో వాళ్ల చొక్కాలు పొడుగు ఒక్కడే కత్తిరించి కుట్టాలనీ, వంక లేకుండా వస్తే కొట్లో ఉంటాడనీ, వంక కనబడితే వెళ్లిపోతాడనీ ఒప్పందం కుదిరింది. తాను వేలు కూడా పెట్టనని మాస్టారు మాటిచ్చాడు. పౌరుషానికి పోయి, చొక్కాలు పూర్తయ్యేదాకా అటువైపు తొంగి చూడలేదు.

డిపో వాళ్లు సాయంత్రం వస్తారనగా, పొడుగు చొక్కాలన్నీ మడతపెట్టి బల్ల మీద పేర్చాడు. పక్కనే మిగిల్చిన గుడ్డ కూడా పెట్టి, పొదుపుగా కత్తిరించానని సిగ్గుపడుతూ చెప్పాడు. అల్లుడు ఒక చొక్కా విప్పాడు. కాలరు కత్తిలా నిలబడింది. కాజాలు అచ్చుగుద్దినట్టున్నాయి. మాస్టారు మీసం మీద చెయ్యి వేశాడు.

"బాగానే ఉంది మావయ్యా. మరి కండక్టరు పెన్ను ఎక్కడ పెట్టుకోవాలి? చెవిలోనా?" అన్నాడు అల్లుడు.

ఒక్క చొక్కాకీ జేబు లేదు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"జేబేదిరా?"

పొడుగు తెల్లబోయాడు. "జేబు పెట్టకూడదుగా మాస్టారూ. మొదటి రోజే చెప్పారు మీరు."

నిజమే. జైల్లో జేబుంటే ఏదో ఒకటి దాస్తారని ఖైదీల చొక్కాలకు జేబులుండవు. ఇన్నేళ్లూ ఇంతమందికి కాలరు నేర్పాడు, కఫ్ నేర్పాడు, జేబు మాత్రం ఎవరికీ నేర్పలేదు. మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గొచ్చింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. అల్లుడు మూతి బిగించి చూశాడుగానీ, చెవిలో పెన్ను పెట్టుకున్న కండక్టరు కళ్లముందు మెదిలాడో ఏమో, అతనూ ఫక్కుమన్నాడు.

పొడుగు ఒక్కడే నవ్వలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"ఎక్కడికి? మిగిల్చిన గుడ్డంతా ఎవరు కుడతారు, నీ తాతా?" అన్నాడు మాస్టారు.

ముగ్గురూ కూర్చున్నారు. మాట తప్పి మాస్టారు జేబులు కత్తిరించి ఇచ్చాడు. అంచు మడిచి, మూలల దగ్గర కుట్టు రెండుసార్లు తిప్పడం చూపించాడు. మొదటి జేబు కాస్త వంకరగా వస్తే పొడుగు తనే విప్పేసి మళ్లీ వేశాడు. ఆ తర్వాత ఇంక చూపించాల్సిన పని పడలేదు. గొణుగుతూనే అల్లుడు ఒక్కొక్కటీ ఇస్త్రీ చేశాడు. డిపో వాళ్లు వచ్చేసరికి ఆఖరి చొక్కా ఇంకా వేడిగానే ఉంది. అది తొడుక్కుని చూసిన డ్రైవరు, భుజాల దగ్గర ఇంత బాగా అమరిన చొక్కా తానెప్పుడూ వేసుకోలేదని చెప్పి, విప్పకుండానే వెళ్లిపోయాడు.

పొడుగు మళ్లీ సంచీ అందుకున్నాడు. ఉండమని అతనితో ఇంకా ఎవరూ అనలేదు.

అల్లుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మెడ రుద్దుకున్నాడు. "రేపు పొద్దున్నే రా. వాళ్ల ప్యాంట్లు కూడా మనకే ఇచ్చారు. ప్యాంటుకి ఎన్ని జేబులో తెలుసా?"

"తెలీదు బాబూ. లోపల బొందు పైజామాలే కుట్టాం."

"మీ మాస్టార్ని అడుగు" అన్నాడు అల్లుడు, మామ వైపు చూడకుండా.

మాస్టారు అప్పటికే సుద్దముక్క వెతుక్కుంటున్నాడు.