అప్పన్న జుత్తుకు మూడు ఎక్స్‌రేలు

ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు ఉండటమే ఓ వార్త. ఉన్న ఆ కాసేపట్లోనే నేను ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను చెప్పేదేదైనా సగానికి తగ్గించి నమ్మండి (మా ఆవిడ పెళ్లయిన మూడో రోజు నుంచీ పావు వంతే నమ్ముతోంది). ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఓ ధర్మాసుపత్రిలో ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరాను. మా యంత్రం ఏనుగంత ఉండేది. స్విచ్చి నొక్కితే రేవులో రెండు క్రేన్లు ఆగిపోయేవి.

ఓ పొద్దున శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో మూటలు మోసే వాళ్లింటి పిల్ల, పదకొండేళ్లది, నాయనమ్మతో వచ్చింది. పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు, తలసీమియా. దొరికినప్పుడు రక్తం ఎక్కించుకుంటూ నెట్టుకొస్తోంది. ఎముకలు ఎలా ఉన్నాయో చూడాలని పెద్ద డాక్టరుగారు తలకు ఎక్స్‌రే రాశారు. పిల్లకేమో పన్నెండు మూరల జడ (తగ్గించే చెబుతున్నాను), దాన్నిండా కొబ్బరినూనె. ఫిల్ము కడిగి చూద్దును కదా, పుర్రె చుట్టూ తెల్లటి గీతలు దువ్వెన పళ్లలా నిటారుగా నిలబడి ఉన్నాయి. జుట్టు పడిందనుకుని, జడ విప్పించి మళ్లీ తీశాను. గీతలు. ఆసుపత్రి పంపు దగ్గర సబ్బుతో తలంటించి, ఆరబెట్టించి మూడోసారి తీశాను. గీతలు ఇంకా నిక్కబొడుచుకున్నాయి (అప్పటికి నా జుట్టూ అలాగే ఉంది). ఇంత మొండి జుట్టును భూప్రపంచంలో ఎవరూ చూసి ఉండరనీ, నా పేరు పుస్తకాల్లోకి ఎక్కబోతోందనీ ఒళ్లు పులకరించింది. ఇక ఒక్కటే దారి, గుండు. పేవ్‌మెంటు మీద గడ్డాలు గీసే దాదాను (బెంగాలీలో దాదా అంటే అన్న) పిలిపించాను.

ఆయన కత్తి నూరుతుండగా నాయనమ్మ పిల్ల తలను కొంగుతో కప్పేసింది. పిల్ల బతికితే ఆ జుత్తు ఇస్తానని సింహాచలం అప్పన్నకు మొక్కుకుందట. మళ్లీ పెరిగింది ఇవ్వొచ్చు కదా అని నేను నచ్చజెప్పబోయాను.

“ఇది అప్పన్న జుత్తు బాబూ. ఇక్కడ తీసేత్తే ఆయనకేటి ఇత్తాను? ఈ పిల్లని ఎవులు కాత్తారు?”

ఈలోగా పెద్ద డాక్టరుగారు వచ్చి మూడు ఫిల్ములూ వెలుతురుకు పెట్టి చూసి, “చుల్ నా రే, హాడ్” అన్నారు. జుట్టు కాదురా, ఎముక. రక్తం చాలక ఎముకల్లోని మూలుగ తెగ కష్టపడి ఉబ్బిపోతుందట. అది తోస్తే పుర్రె ఎముకే అలా పుల్లలు పుల్లలుగా నిలబడుతుందట. పుస్తకాల్లో కూడా దీన్ని నిక్కబొడుచుకున్న జుట్టుతోనే పోల్చారట. అంటే నా ఘనకార్యం నేను పుట్టకముందే అచ్చయిపోయింది. దాదా కత్తి మడిచేశాడు, నాయనమ్మ గోడకేసి తిరిగి అప్పన్నకు దణ్ణం పెట్టింది, పిల్ల పకపకా నవ్వింది.

ఇందులో నేను కల్పించిందేదో ఇప్పుడు చెప్పేస్తాను. ఏనుగంత యంత్రం, పన్నెండు మూరల జడ సాగదీసినవే గానీ లేనివి కావు. లేనిది ఆ నవ్వు. పిల్ల నవ్వలేదు. ఫిల్మును రెండు చేతులతో కిటికీకేసి ఎత్తి చాలాసేపు చూసి, “ఎముకలైతే తలంటినా పోవు గదా బాబూ?” అంది. ఒకటడిగితే పది చెప్పే నేను ఆ పూట ఫిల్మును ఆ పిల్ల చేతుల్లోంచి తీసుకుని కవర్లో పెట్టేశాను. ఇప్పుడు బట్టతల నిమురుకుంటూ ఈ కథ ఎవరికి చెప్పినా, అక్కడికొచ్చేసరికి ఆ పిల్లను నవ్వించేస్తాను. ఆ నవ్వు ప్రతిసారీ ఇంకాస్త పెద్దదవుతోంది.