చెరువు కట్ట మీద అల్లిన జడ

దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే నేను అక్కణ్నుంచి లేచి పోయేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు. అయినా పోయిన వానాకాలం మా బిడ్డకు జరిగింది రాసిపెట్టాలనిపించింది. నేను చూసింది, కెమెరాలో ఉన్నది, అంతే రాస్తాను.

మాది పెద్దవంగర దగ్గర ఒక లంబాడా తండా. పెళ్లయ్యాక జనగామ వచ్చాం. ఇక్కడ చెరువు కట్ట మీద నడిచే బాట, బల్లలు, బోట్లు పెట్టినప్పటి నుంచి పక్కనే ఉన్న మా వీధికి కళ వచ్చింది. ఇత్తడి రేకుల మీద బొమ్మలు చెక్కేవాళ్లు, గోడలకు రంగులేసేవాళ్లు, ఒగ్గుకథ నేర్పే హాలు, అన్నీ ఆ వీధిలోనే. ఆదివారాలు చెరువు చూడ్డానికి వచ్చినవాళ్లు మా దుకాణాల ముందు ఆగుతారు. నేను అద్దాల కుట్టుపని సంచులు అమ్ముతాను. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం.

మా పాప సింధుకు ఐదేళ్లు. బడిలో తండా పిల్ల అని ఎక్కిరిస్తారని మా ఆయన రవి మా భాష ఒక్క మాట కూడా దాని చెవిన పడనిచ్చేవాడు కాదు. మా అమ్మ వచ్చినా తెలుగే మాట్లాడాలి.

ఆ బుధవారం బడికి సెలవు. సింధుకు తలస్నానం చేయించి, జుట్టు ఆరాలని విరబోసి గడపలో కూర్చోబెట్టాను. ఇద్దరు ఆడవాళ్లు సంచులు చూస్తామని వచ్చారు. వాళ్లు వెళ్లాక చూస్తే గడపలో పిల్ల లేదు.

పక్క దుకాణంలో ఇత్తడి పని చేసే సత్తెన్న సుత్తి పక్కన పెట్టి లేచాడు. “గిప్పుడే గీడ ఉండె గద చెల్లె” అన్నాడు. ఇద్దరం కట్ట ఎక్కాం. చెరువు నిండా నీళ్లు, పై మెట్టు దాకా ఉన్నాయి. మెట్ల దగ్గర సింధు చెప్పు ఒకటి తేలుతోంది.

బోటు నడిపేవాళ్లు ఇద్దరు నీళ్లలోకి దూకారు. కబురు తెలిసి, నడుపుతున్న ఆటో ఎక్కడో వదిలేసి రవి పరుగెత్తుకొచ్చాడు. మునిగినవాళ్లు పైకి తేలినప్పుడల్లా వాళ్ల చేతుల్లో ఏముందో చూడలేక కళ్లు మూసుకున్నాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. రవి నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మర్నాటికి అక్కడ కమిలింది.

అప్పుడు కట్ట ఆ చివర నుంచి సత్తెన్న కేక వినిపించింది. “చెల్లె, దొరికింది. మంచిగనే ఉన్నది.”

చెరువు నీళ్లు తోడే మోటారు గది పక్క బల్ల మీద సింధు కూర్చుని ఉంది. గౌను ఛాతీ దాకా తడిసింది. జుట్టు మాత్రం అల్లి ఉంది. రెండు కణతల దగ్గర సన్నటి పాయలు అల్లి, వెనక్కి లాగి, ఒక్క జడలో కలిపారు. మా తండాలో ముసలివాళ్లు అలా వేసుకునేవాళ్లు. నాకు ఆ అల్లిక రాదు.

నన్ను చూసి “యాడీ” అంది. మా భాషలో అమ్మ అని. నన్ను అది ఎప్పుడూ అలా పిలవలేదు. తర్వాత జరిగిందంతా మా భాషలోనే తడుముకోకుండా చెప్పింది. మెట్టు మీద కాలు జారిందట. ఒక అవ్వ చెయ్యి పట్టి లాగిందట. ఎవరి పిల్లవని అడిగితే ఇది నా పేరు చెప్పిందట. ఆడపిల్ల జుట్టు విరబోసుకుని తిరుగుతుందా అని తిట్టి, కూర్చోబెట్టి జడ వేసిందట.

రవి దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “ఎవల్ నేర్పిన్రు బిడ్డా నీకు గీ మాటలు?” అన్నాడు. సింధుకు ఆ తెలుగు అర్థం కాలేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రవి ఐదేళ్లుగా ఇంట్లో పలకని మా భాషలో అదే మళ్లీ అడగాల్సి వచ్చింది. “అందరూ ఇట్లనే మాట్లాడతరు గద బాపూ” అని ఆ భాషలోనే జవాబిచ్చింది.

ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం బండి ఆయన పెట్టుకున్న సీసీ కెమెరా చూశాం. మెట్లు అందులో కనిపించవు, మోటారు గది కనిపిస్తుంది. విరబోసిన జుట్టుతో, తడి గౌనుతో సింధు ఒక్కతే గది వెనక్కి వెళ్లింది. ఇరవై నిమిషాల తర్వాత జడతో ఒక్కతే బయటికి వచ్చింది. మధ్యలో సత్తెన్న రెండుసార్లు ఆ గది చుట్టూ తిరిగి చూసి, ఎవరూ కనపడక వెళ్లిపోవడం కూడా అందులో ఉంది. గది వెనక మూరెడు నేల, ఆ తర్వాత నీళ్లే.

జడ ఫోటో మా అమ్మకు పంపాను. అలా అల్లేవాళ్లు తండాలో ఇప్పుడు ఎవరూ బతికి లేరని చెప్పింది.

మర్నాడు పొద్దున లేచి సింధు తెలుగులో పాలు అడిగింది. ముందు రోజు మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు. చెరువు చూడ్డానికి వచ్చిన ఏ తండా అవ్వో అయి ఉంటుందని రవి అంటాడు. మరి భాష ఎలా వచ్చిందంటే ఆటో తాళం తీసుకుని బయటికి వెళ్తాడు.

ఆ వారం నుంచి రవే రోజూ సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా భాష నేర్పుతున్నాడు. పిల్లకు తొందరగా పట్టుబడటం లేదు. ఆ రోజు అంత గడగడా మాట్లాడింది, ఇప్పుడు ‘నీళ్లు’కు మా భాషలో ఉన్న మాట దగ్గరే ఇంకా తడబడుతోంది.