అక్క చెవిలో ఇంగ్లీషు

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో మాత్రం అడగకుండా పెట్టిన మనిషి ఒకతె ఉంది, మా అక్క. అప్పుడు మేం పుప్పాలగూడలో ఉండేవాళ్లం. అమ్మా నాన్నా పొద్దున్నే పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిరగడానికి అక్క ఏడో తరగతి మధ్యలోనే బడి మానేసింది. నేను మాత్రం చదివాను. చదివి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకుని, తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని, పెద్దవాణ్ణి అయ్యానని అనుకుంటున్నాను. బావ పోయాక అక్క చందానగర్‌లో కూతురింట్లో ఉంటోంది. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా ఏదీ కావాలని అడగలేదు.

కంటి డాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా, అని చెప్పిన రోజు అడిగింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఎన్నాళ్లు ఆపగలిగితే అన్నాళ్లు అన్నాడాయన. అప్పటికే అక్కకు పక్కలన్నీ చీకటై, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడుతోంది. చదవడం ఎప్పుడో పోయింది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ మొదలుపెట్టింది.

"తమ్మీ, ఒక్కటి అడుగుత, కాదనవు గద?"

"అడుగక్కా."

"ఓడలొచ్చే ఊరు చూపియ్యి. సోషల్ పుస్తకంల ఉండె. మిరియాల కోసం తెల్లోళ్లు ఓడలెక్కి వచ్చిండ్రని, ఒడ్డుకు చర్చి కట్టుకున్నరని. గా పాఠం సగంల ఉండంగనే నేను బడి బందు వెట్టిన. మిగిలిన సగం ఏమున్నదో ఏమో!"

సగం పాఠం! నా మూలాన సగంలో ఆగిన పాఠం ఒకటుందని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. "ఫికర్ చెయ్యకక్కా. కొచ్చి పోదాం. చర్చిలో, మ్యూజియంలో బోర్డులన్నీ నేనే చదివి చెప్తా" అన్నాను. ఆవిడ అడిగింది చూపించమని మాత్రమే. చదివి చెప్తానన్నది నేను. నోటికి అడ్డూ అదుపూ ఉంటే కదా!

టిక్కెట్లు కొన్నాను, సెలవు పెట్టలేదు. ఇది బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మా ఆఫీసుల చుట్టుపక్కల సెలవు పెట్టి ఊరికి పోయేవాడు అమాయకుడి కింద లెక్క. వర్క్ ఫ్రమ్ హోమ్ అని రాసి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, తెర మీద మన పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోకుండా చూసుకుంటూ ఊళ్లు తిరుగుతాం. తిరుమల క్యూలో కూర్చుని మీటింగులు నడిపాను నేను, గోవా ఇసుకలో కూర్చుని కోడ్‌లో తప్పులు సరిచేశాను. ఆ తెలివికి మురిసిపోయాను కూడా. నా భార్యది కాకినాడ. కూతురి పరీక్షలని తను రావడం లేదు గానీ, పెట్టె సర్దుతూ ఒక మాట అంది. "శుభ్రంగా రెండ్రోజులు సెలవు పెట్టండీ. వదినగారితో వెళ్తున్నారా, ఆఫీసుతో వెళ్తున్నారా?"

"కొత్త వెర్షన్ రిలీజ్ వారం. నీకు తెలీదు, ఊరుకో" అని కసిరాను.

కొచ్చిలో మొదట చర్చికి పోయాం. వందల ఏళ్లనాటి చర్చి, చెక్క పైకప్పు, గోడల పొడుగునా నిలబెట్టిన సమాధి రాళ్లు. గుడికి వచ్చినట్టే అక్క గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది, కొంగు తలమీదకు లాక్కుంది. రాళ్ల మీద చెక్కిన అక్షరాలను వేళ్లతో తడుముకుంటూ నడిచింది. ముఖంలో ఎంత వెలుగో!

"ఇవి పేర్లా తమ్మీ? జర చదువు."

నోరు తెరవబోయాను, ఫోన్ మోగింది. మా మేనేజరు. "ఒక్క నిమిషమక్కా" అని బయటికి వచ్చి, చర్చి ప్రహరీ మీద లాప్‌టాప్ పెట్టుకుని ముప్పావు గంట మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి అక్క వెనక బెంచీ మీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. బడిపిల్లల గుంపు ఒకటి ఆవిడను ఒరుసుకుంటూ పోతోంది. వెళ్లి ఆ రాళ్లు చూశాను. పోర్చుగీసులో ఏవో, డచ్చిలో ఏవో. ఉండి కూడా చదవలేకపోయేవాణ్ణి కదా అని హమ్మయ్య అనుకున్నాను. తప్పించుకునేవాడికి సాకులు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే ఎదురొస్తాయి.

మధ్యాహ్నం మ్యూజియం. అక్కడ టిక్కెట్ల కౌంటరులో మెడకు తగిలించుకునే చిన్న పెట్టె ఒకటి అద్దెకిస్తున్నారు. చెవులకు పెట్టుకుంటే గది గదిలో ఏమున్నదో అదే చెబుతుందట. నా ప్రాణం లేచి వచ్చింది. అప్పటికే ఆఫీసులో ఏదో సర్వర్ కూలిపోయి గ్రూపులో మెసేజీల మీద మెసేజీలు. ఆ పెట్టె తెర మీద ఏదో అడిగింది. మేం పొద్దస్తమానం చేసే పనే చేశాను, చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్, ఓకే. అక్క చెవులకు తగిలించి, "నువ్వు చూస్తూ ఉండక్కా, నేను ఇక్కడే ఉంటా" అన్నాను.

వరండా బల్ల మీద కూర్చుని పని చేసుకుంటూ అప్పుడప్పుడు తలెత్తి చూశాను. కిటికీలోంచి అక్క కనబడింది. గోడ పట్టుకుని నడుస్తోంది, నలుగురూ ఆగిన చోట ఆగుతోంది, చెవిలో మాటకు తల ఊపుతోంది. ఎంత శ్రద్ధగా వింటోందో అని సంతోషపడ్డాను. ఛీ, నిజంగానే సంతోషపడ్డాను.

గంటన్నర తర్వాత పెట్టె తిరిగి ఇస్తుంటే, కౌంటరులో ఉన్న అమ్మాయి తెర చూసి ఇంగ్లీషులో అడిగింది. "ఇంగ్లీషు సరిపోయిందా సార్? హిందీ కూడా ఉంది." నా తల కొట్టేసినట్టయింది. మా అక్కకు ఇంగ్లీషులో అంకెలు కూడా సరిగా రావు. హిందీ అయితే చందానగర్ మార్కెట్‌లో బేరాలాడి గెలిచేంత వచ్చు. గంటన్నర సేపు ఒక్క ముక్క అర్థం కాని మాటలు చెవిలో పోయించుకుంటూ తల ఊపిందన్న మాట.

"సమజయిందా అక్కా?" అన్నాను.

అక్క నన్ను చూసింది, నా చేతిలో ఇంకా తెరిచే ఉన్న లాప్‌టాప్‌ని చూసింది. "అంత మంచిగ సమజయింది. నీ పనయిందా?"

మ్యూజియం మూయడానికి ఇంకా రెండు గంటలుంది. హిందీ పెట్టి మళ్లీ పంపొచ్చు. అంతకంటే మంచిది, చెయ్యి పట్టుకుని నేనే లోపలికి నడవొచ్చు, మాట ఇచ్చినట్టు ఒక్కో బోర్డు చదివి చెప్పొచ్చు. నాలుగింటికి ఇంకో కాల్ ఉంది. సమజయిందని ఆవిడే అంది కదా అనుకున్నాను. నమ్మలేదు. నమ్మితే నాకు వీలుగా ఉంటుందని నమ్మినట్టు ఉండిపోయాను. మర్నాడు రేవు ఒడ్డున ఒక పెద్ద ఓడ ఆవిడ చూపులో పట్టేంత దూరంలోంచి పోయింది. "అబ్బ, ఎంతున్నదిరా!" అని చేత్తో నన్ను వెతుక్కుంది. నేను నాలుగడుగుల అవతల ఫోన్‌లో ఉన్నాను.

తిరిగొచ్చిన ఆదివారం చందానగర్‌లో చుట్టాలంతా చేరారు. అక్క కుర్చీలో కూర్చుని మ్యూజియం సంగతులు చెప్పింది. రాజుగారి పల్లకీ మోయడానికి ఎంతమంది కావాలో, ఏ రాణికి ఓడెక్కాలంటే భయమో, మిరియాల మూటల మీద పడుకుని ఒక తెల్లదొర తన దేశం దాకా ఎట్లా పోయాడో. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. అంతా ఆవిడ సొంతంగా అల్లింది. పాఠంలో మిగిలిన సగం తనే రాసుకుంది.

"అమ్మా, ఆ డబ్బా ఏ భాషల చెప్పింది?" అంది మేనకోడలు.

"ఏ భాష ఏంది? మన తెలుగుల్నే. మీ మామ అంత సెట్ జేసి ఇచ్చిండు. ఇంకా తనకు తెల్సినయి తను చదివి చెప్పిండు." నేను తేలు కుట్టిన దొంగలా ప్లేటులో మిర్చి బజ్జీ చూస్తూ కూర్చున్నాను. "మీ తమ్ముడు బంగారం" అని ఎవరో అన్నారు. నా భార్య నా వైపు చూసింది.

ఏడాది తిరగకుండానే అక్కకు మనుషుల ముఖాలు కూడా పోయాయి. మొన్న ఒక బుధవారం నిజంగానే సెలవు పెట్టాను. లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి చందానగర్ పోయాను. మేనకోడలు పనికి వెళ్లింది, అక్క ఒక్కతే ఉంది. కళ్లలో మందు వేయమని సీసా నా చేతికిచ్చి తల వెనక్కి వాల్చింది. ఒక కంట్లో వేసి, ఇక ఆగలేక కక్కేశాను.

"అక్కా, అది ఇంగ్లీషులో పెట్టాను. ఆ రోజే నాకు తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను."

"నాకెరుకనే" అంది కళ్లు మూసుకునే. "అప్పుడు ఎదురుంగ ఉన్నది మంచిగనే కనవడుతుండె గద. నీ మొఖమే ఎదురుంగ ఉండె."

"మరి అడగొచ్చు కదక్కా! నాలుగు తిట్టొచ్చు కదా! లోపలికి రారా అని ఒక్క మాట..."

"అంటే వస్తుంటివా?"

సీసా మూత బిగించి, మళ్లీ విప్పాను.

"గదే తమ్మీ నా భయం. నేను నోరు దెరిచి రమ్మన్నంక కూడ నువ్వు రాకపోతివనుకో, ఇగ నేనేం జేసుకోవాలె? అందుకే అడగలె."

వచ్చేవాణ్ణి అక్కా అని చెప్పాలి. నోటి చివరి దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎంత తలుచుకున్నా, నాలుగింటి కాల్ వదిలేసి లేచి నిలబడిన నన్ను నేను చూడలేకపోయాను. రెండో కన్ను తెరిచి మందు కోసం ఎదురుచూస్తోంది అక్క. చుక్క వేశాను. అది చెంప మీద పడింది.