వన్‌టౌన్‌లో నేను కొనని మేడ

గొడుగు కనిపిస్తే నేను రోడ్డు దాటి అవతలికి ఎందుకు పోతానో చెబితే నవ్వుతారు. నవ్వండి. పెళ్లైన నాటి నుంచి మా ఆవిడ నవ్వుతూనే ఉంది, మీరేం కొత్త!

అప్పుడు గాజువాకలో మాది రెండు గదుల అద్దె కాపురం. పలాస దగ్గరి జీడితోట వదిలి మావయ్య ఒక్క రోజుకని వచ్చాడు. "పాతూరు, అదే వన్‌టౌన్ సూడాలి అల్లుడూ. నడిసే సూద్దాం" అన్నాడు.

పూర్ణా మార్కెట్ దాటితే నాకు దిక్కు తెలీదు. కానీ కొత్తల్లుడి నోట ఆ మాట వస్తుందా? "వన్‌టౌనా! నా అరసెయ్యి మావయ్యా!" అన్నాను. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అంటారు కదా. నేను చూపించింది కోట, నేను చెప్పింది చరిత్ర. ఓ పాత ఐసు గోదాముని డచ్చివాళ్ల కోట చేసేశాను. మావయ్య చెప్పులు విప్పి మరీ దండం పెట్టాడు.

నా చరిత్ర నిండుకునే వేళకి, సందు మలుపులో గొడుగు పట్టుకున్న మనిషి కనిపించాడు. వెనక నలుగురు. "బ్రిటిషోల్ల నాటి మేడండి. అన్నీ టేకు దూలాలు" అంటున్నాడు. ఆదివారాలు పాత కట్టడాలు నడిపించి చూపిస్తారని విన్నాను. దేవుడే గైడుని పంపాడనుకుని మావయ్యతో సహా వాళ్ల వెనకే దూరిపోయాను.

"మీరూ సూడ్డానికేనా బాబూ?"

"అందుకే గాజువాక నుంచి వచ్చాం!"

లోపల ఇంటి మామ్మ కూర్చుని ఉంది. పట్టుచీర కట్టిన ఒకావిడ గోడ గోకి, "సెమ్మెక్కిపోనాది. పడగొట్టాల్సిందే" అంది.

నా కోపం రిఫైనరీ గొట్టం మీది మంటలా లేచింది. "పడగొడతారా! ఇలాంటి మేడకి ఎంతిచ్చినా తక్కువేనండీ!"

ఆవిడ గొడుగాయన చెవి కొరికింది గానీ, ఓడ కూతలా అందరికీ వినిపించింది. "ఈయనెవులు? మాకంటే ఎక్కువ ఇత్తాడేటి?"

ఆవిడ మొగుడు చటుక్కున మామ్మ చేతిలో తాంబూలం పెట్టాడు. "బేరమాడం మామ్మా. మీరన్న ధరే. ఇల్లు మాదే."

అప్పుడు వెలిగింది నాకు. గొడుగాయన గైడు కాడు, ఇళ్ల బ్రోకరు. మెల్లగా జారుకుందామని మావయ్య వైపు తిరిగాను. కళ్ల నిండా నీళ్లు, చెవి దగ్గర ఫోను, అవతల అత్తయ్య.

"ఓలే, మనల్లుడు మేడ బేరమాడతంటే ఎవులో ఎగరేసుకుపోనారే! ఆ జీడితోట అమ్మీసైనా ఇంకో మేడ కొనిత్తాను!"

జీడితోట! చెట్టు చెట్టుకీ పేరు పెట్టి పిలుచుకునే మనిషి.

"మావయ్యా... ఫోన్ పెట్టీయండి. నాకు తెల్దు."

"ఏటి తెల్దు?"

"ఈ మేడ అమ్మకానికని తెల్దు. అసలు వన్‌టౌనే తెల్దు."

"మరి ఆ కోట?"

"ఐసు గోదాం."

"దండం ఎట్టించీసినావు కదరా!"

పొద్దుట అల్లుణ్ణి, మధ్యాహ్నానికి 'రా'లోకి దిగాను. ఇంతలో బ్రోకరు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, వచ్చే ఆదివారం మల్కాపురంలో ఇంకో ఇల్లుంది. వచ్చి ఇలాగే పొగుడుదురూ!"

అంతే. మావయ్య నవ్వడం మొదలెట్టి గాజువాక బస్సు దిగేదాకా ఆపలేదు.

తోట నిలిచింది. నా పరువు మాత్రం అమ్ముడుపోయింది. ఇప్పటికీ మావయ్య మా ఊరొస్తే, చీకటి పడ్డాక దిగినా సరే, బస్టాండులోనే గొడుగు విప్పి పైకెత్తుతాడు. "రా అల్లుడూ, ఏ మేడ కావాల?"

సింహాద్రి అప్పన్న సాక్షిగా చెబుతున్నాను. గొడుగు పట్టిన మనిషి వెనక ఈ జన్మలో నడవను. వానొస్తే తడుస్తాను.