చింపాంజీల ముందు దగ్గకూడదు

మృగశిర కార్తె, మా దిక్కు మిరుగు, వచ్చిన రెండో రోజు పొద్దున, కోరుట్లలో నా టికెట్ల దుకాణం షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి, మా జువాలజీ సార్‌ను వారం కిందట తనింటికి తీసుకుపోయిన ఆయన చెల్లెలు. "అన్న పోయిండు బిడ్డా," అంది. "గా ఆఫ్రికా టికెట్ వాపస్ చెయ్యి," అంది. ఎత్తిన షట్టర్ మళ్లీ కిందికి దించేశాను.

సార్ జగిత్యాల కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కోరుట్లలో మా వీధిలోనే అద్దెకున్నారు. చదువు నాకు పెద్దగా ఎక్కలేదు గానీ, సార్ ముందు మాత్రం ఇప్పటికీ కుర్చీలో కాలు మీద కాలు వేసుకోను.

పోయిన దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆయన దుకాణానికొచ్చి, గల్ఫ్ పోయేవాళ్ల వరసలో బుద్ధిగా కూర్చున్నారు. వంతు వచ్చాక, "ఉగాండాకు టికెట్ ఉంటదా బిడ్డా?" అని అడిగారు. నేను నవ్వేశాను. దుబాయ్, మస్కట్, దోహా తప్ప నా దుకాణంలో ఇంకో పేరు పలికినవాళ్లు లేరు.

"నవ్వకు. ముప్పై ఏండ్లు చింపాంజీని బొమ్మలనే చూపెట్టిన. ఒక్కసారన్న కండ్లతోని చూడకపోతే నేను చెప్పిందంత ఒట్టి మాటనే గద."

అక్కడ వానలు తగ్గే జూన్ ఆఖరుకు ఏర్పాట్లు మొదలుపెట్టాం. అడవిలో చింపాంజీల వెంట నడిచే అనుమతి సార్ పేరు మీద వచ్చింది. నియమాల కాగితం నేనే తీసిచ్చాను. వాటిని చూసేది గంటసేపే. మూతికి మాస్కు ఉండాలి, దూరంగా నిలబడాలి, మెరిసే రంగులు కట్టుకోకూడదు. ఆఖరున ఇంకోటి ఉంది: దగ్గూ జలుబూ ఉన్నవాళ్లని అడవిలోకి రానివ్వరు. మనకు నాలుగు రోజుల్లో తగ్గేది వాటి ప్రాణం తీస్తుందట. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్నకు మాకు గీయించినట్టు, సార్ ఆ వాక్యం కింద గీత గీశారు.

అంగీలు చెల్లెలు కుట్టింది. సిరిసిల్ల మగ్గాల మీద ఆమెకు దొరికిన మసక రంగు బట్ట బడిపిల్లల యూనిఫాంది. "అరవై దాటినంక మళ్ల బడికి పోతుండు మా అన్న," అని ఫోన్‌లో పడీ పడీ నవ్వింది. చలికాలంలో సరిగ్గా సరిపోయిన ఆ అంగీలు ఎండలు ముదిరేసరికి భుజాల మీంచి జారడం మొదలుపెట్టాయి. "కొలతల్ల నేనే తప్పిన్నా ఏంది?" అని ఆమె రెండుసార్లు విప్పి కుట్టింది. సార్ బాగా నడుస్తున్నారు కదా, ఒళ్లు తగ్గిందని నేను మురిసిపోయాను.

నడక అభ్యాసానికి కొండగట్టు పోయేవాళ్లం. అందరూ కోతులకు అరటిపళ్లు పెడుతుంటే, సార్ మాస్కు కట్టుకుని, కాగితంలో చెప్పినన్ని అడుగులు కొలిచి వాటికి దూరాన నిలబడేవారు. ఒక ముసలామె జాలిపడింది. "గంత భయమా సారూ, ఏమనయి గని."

"నాకు భయం కాదమ్మా. నాతోని వాటికే భయముండాలె."

ఆ రోజే మెట్ల మీద మొదటిసారి గట్టిగా దగ్గారు. దగ్గర్లో ఉన్న కోతులన్నీ తినడం ఆపి ఆయన వైపే చూశాయి. సార్ గబగబా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తప్పు చేసినవాడిలా నన్ను చూశారు.

ఇక్కడ నా నిర్వాకం చెప్పాలి. గల్ఫ్ పోవాలంటే మెడికల్ పాసవ్వాలి. ఆ రోజు దగ్గితే డాక్టర్ పక్కన పెడతాడని మావాళ్ల భయం. అందుకని వారం ముందు నుంచే దగ్గుమందు తాగి, దగ్గును అణచుకుని పోతారు. ఏ మందు ఎంత తాగితే ఎంతసేపు దగ్గు రాదో నాకు నోటికి వచ్చు. చాలామందికి చెప్పాను. వాళ్లకు తరవాత ఏమైందో ఎప్పుడూ అడగలేదు. సార్‌కీ అదే చెప్పాను.

"వాటికి అంటితే?" అన్నారు.

"ఇది సుద్దముక్కల దుమ్ము దగ్గు సార్. ఎవ్వలికి అంటది?"

"నీకెట్ల తెలుసు?"

"మస్తు మందిని చూసిన సార్."

కోసి చూడనిదే కప్ప గుండెను కూడా నమ్మని మనిషి, నా మాట నమ్మారు. పోవాలన్న ఆశ ఆయనది, పంపించాలన్న ఉబలాటం నాది.

మందు పనిచేసింది. దగ్గు మాయమైంది. ఒక రోజు దుకాణానికొచ్చి, మాస్కు పెట్టుకుని, గోడ గడియారం ముందు గంటసేపు కదలకుండా కూర్చున్నారు. ఒక్క దగ్గు లేదు. ఫ్యాన్ కిందే ఉన్నా నుదుటి నిండా చెమట. "పాసైన్నా?" అని అడిగారు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పుడు నా చేతులు నాకే అసహ్యం.

సార్ పోయాక, నా వల్లే అని ఎవరూ అనలేదు. సార్‌ను మూడు నెలల ముందు తెస్తే ఏమయ్యేదని ఆయన్ని చూసిన డాక్టర్‌ని నేనే అడిగాను. చెప్పలేనన్నారు. ఆ మాటతోనే ఇక నేను బతకాలి. ఇప్పుడు దుకాణానికి దగ్గుతూ ఎవరొచ్చినా పాస్‌పోర్ట్ పక్కన పెట్టి, ముందు ఆస్పత్రికి పొమ్మంటున్నాను. కొందరు తిట్టుకుంటూ పక్క దుకాణానికి పోతున్నారు. పోనీ.

మే నెలలో మందుకు దగ్గు లొంగడం మానేసింది. సార్ మాస్కులు తన చేత్తోనే ఉతుక్కునేవారు, ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. ఒక పొద్దున వచ్చి, "జగిత్యాల పోదాం దా బిడ్డా, ఛాతి ఫోటో తీపియ్యాలె," అన్నారు. ఇన్నాళ్లకు ఒంటి మీద ధ్యాస కలిగిందనుకున్నాను. బస్సులో అసలు సంగతి చెప్పారు. "టీబీ గిట్ల ఉంటే? నేను మోస్కపోయి గా అడవిల పోస్తనా?"

డాక్టర్ ఆయన్ని ఒక్కరినే లోపలికి పిలిచారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అలాంటి గదుల్లోంచి వచ్చేవాళ్ల మొహాలు నాకు తెలుసు. అన్‌ఫిట్ అనిపించుకున్నవాడు ముందు నేల చూస్తాడు. సార్ నేల చూడలేదు. మొహం వెలిగిపోతోంది.

"టీబీ కాదంట బిడ్డా. ఎవ్వలికి అంటేది కాదంట."

"మరేందట సార్?"

"గా రోగం నా ఒక్కనికే," అన్నారు, పెద్ద భారం దిగినట్టు.

తరవాత మాస్కు కిందికి లాగి, వరండా గోడ పట్టుకుని వంగి, మూడు నెలలుగా అణచిపెట్టిన దగ్గంతా ఆపుకోకుండా, నా ముందే, తనివితీరా దగ్గారు.