ఏకాదశినాడు వచ్చిన రేషన్ గుమాస్తా

అరవైల చివర మేము బొబ్బిలిలో ఉండేవాళ్ళం. బియ్యానికి కటకటగా ఉన్న రోజులు. మా అత్తగారికీ నాకూ పడక అదే ఇంటి వెనక గదిలో వేరు కాపురం పెట్టాం. పొయ్యి వేరుగా ఉంటేనే రేషన్ కార్డు వేరుగా ఇస్తామన్నారు. కార్డు లేకపోతే పిల్లలకు అన్నం లేదు.

తనిఖీకి గుమాస్తా ఇంకే రోజూ దొరకనట్టు ఏకాదశినాడే వచ్చాడు. నాకు ఉపవాసం. పొయ్యి అలికి ముగ్గు పెట్టి ఉంచాను. పిల్లలేమో ముందు వాకిట్లో మా అత్తగారు పోసిన చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతున్నారు.

"పొయ్యిలో బూడిదైనా లేదు. అందరిదీ ఒకటే వంట కదమ్మా," అన్నాడు.

"ఏకాదశి బాబూ. రేపు ద్వాదశి పారణకు వెలిగిస్తాను."

"దేవుడి పేరు సెప్పి రెండో కార్డు కొట్టేద్దామని సూస్తన్నారు," అంటూ సంచి సర్దుకున్నాడు. అసలే నీరసం, పైన ఈ మాట. నాకు ఏడుపొచ్చింది.

అంతలో మా అత్తగారు వచ్చారు.

"ఏటి బాబూ, మనవలికి ఒక పూట అంబలి పోస్తే వంట కలిసిపోతాదా? దీనికీ నాకూ ఒకటే పొయ్యి అయితే ఈపాటికి ఈదిలో జనమంతా మా గుమ్మంలోనే ఉండును. నీ మాట నీకు ఇనబడతన్నాదంటే మేం ఏరుపడబట్టే. రాసీ."

గుమాస్తా నవ్వి రాసేశాడు.

ఆ రోజు స్వామే ఆవిడ నోట పలికాడని నా నమ్మకం. ఆ సంగతి ఆవిడకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.