సామాను అమ్మనన్న యాదగిరి గారు

చిలకలగూడ యాదగిరి గారు కన్నుమూశారని పోయిన మంగళవారం పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పగానే నిశ్చేష్టురాలినయ్యాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. డెబ్బై మూడేళ్ల ఆ విశిష్ట వ్యక్తి మహావైద్యుడు కాదు, వితరణశీలి అని పేరు మోసినవారూ కాదు. మూతబడిన క్లినిక్కుల సామాను కొని, కొత్తగా తెరుచుకునే క్లినిక్కులకు అమ్మేవారు. అయినా సికింద్రాబాద్‌లో సొంత ప్రాక్టీసు పెట్టదలచిన వైద్యులు ఎందరో ముందు ఆయన దుకాణం మెట్లెక్కి, ఆయన చేత నాలుగు చీవాట్లు తిని, ఆ తర్వాతే బోర్డు రాయించుకున్నారు. వారిలో నేనొకదాన్ని.

నాలుగేళ్ల కిందట పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం మానేసి అల్వాల్‌లో క్లినిక్ పెట్టాలనుకున్నాను. షట్టరుకు అడ్వాన్సు, రిజిస్ట్రేషన్, వాడేసిన సూదులూ దూదీ పట్టుకుపోయే బండికి కాంట్రాక్టు. ఒక్క రోగి మొహమైనా చూడకముందే మా అత్తగారి బంగారు గాజులు బ్యాంకుకు చేరాయి. ఏడాదిలో నిలదొక్కుకోకపోతే మళ్లీ ఉద్యోగంలో చేరి గాజులు విడిపిస్తానని ఆవిడకు మాటిచ్చాను. ఆవిడ బోసి చేతులతో రోజూ కాఫీ తెచ్చి అందించేవారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మిగిలిన సామాను కోసం రెండు పేజీల లిస్టు పట్టుకుని యాదగిరి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ చదివి, నన్ను ఎగాదిగా చూశారు.

“ఏందమ్మా గిది? క్లినిక్ లిస్టా, పెండ్లి సారెనా?”

“అన్నీ అవసరమేనండీ.”

“కౌంటర్‌కు గ్రానైట్ ఎందుకు? గ్రానైట్ జూసి జరం తగ్గుతదా? ఏసీ గిట్ల ఇప్పుడే కొనకు. ఖాళీ కుర్చీలకు చెమట పట్టదు.”

నాకు కోపం వచ్చింది. అమ్ముకునేవాడికి బేరం చెడగొట్టుకునే తెగులేమిటి? పైకి మాత్రం అక్వేరియం అయినా ఇవ్వండి, పేషెంట్ల మనసు ప్రశాంతంగా ఉంటుందన్నాను. ఆయన మూలనున్న గాజు పెట్టె చూపించారు. “నీలాంటి డాక్టర్ సాబే కొన్నడు. ఆర్నెల్లకు వాపస్ ఇచ్చిండు. చేపలు బతికినయ్, క్లినిక్ బతకలే.”

క్లినిక్కుల ఆయుర్దాయం చెప్పడంలో ఆయనది దివ్యదృష్టి. సోఫా అడిగినవారికి ఏడాది, రిసెప్షన్‌లో నీళ్ల ఫౌంటెన్ అడిగినవారికి ఆర్నెల్లు. జాతకం అడగని వారికి కూడా చెప్పేసేవారు. చివరికి నాకు దక్కినవి రోగిని పడుకోబెట్టి చూసే బల్ల ఒకటి, ఆరు కుర్చీలు, ఒక బీపీ మిషన్. ఆ బల్ల నాకంటే ముందు నలుగురు డాక్టర్ల దగ్గర పనిచేసి, నాలుగుసార్లూ ఆయన దుకాణానికే తిరిగొచ్చిందట. “దీనికి తొవ్వ మస్తు యాదికున్నది, జెర పైలం” అని హెచ్చరించి మరీ అమ్మారు.

ఆ హెచ్చరిక ఊరికే పోలేదు. క్లినిక్ తెరిచాక రోజుకు ముగ్గురు వస్తే పండగ. వారిలోనూ ఒకరు పక్కనున్న మెడికల్ షాపు ఎప్పుడు తెరుస్తారని అడగడానికి వచ్చేవారు. ఐదో నెలలో నా ధైర్యం అయిపోయింది. యాదగిరి గారికి ఫోన్ చేసి, వచ్చి సామాను పట్టుకుపొమ్మన్నాను.

“రెండు దినాలాగు, వస్త” అన్నారు. అన్నట్టే మూడో రోజు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చారు. బల్లను తట్టి చూశారు, కుర్చీలు లెక్కబెట్టారు. ధర చెబుతారేమోనని నేను ఎదురుచూస్తుంటే, వచ్చి నా ఎదురుగా కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచారు.

“బీపీ చూడమ్మా. పొద్దుగాల సంది తల తిరుగుతున్నది.”

చూశాను. బాగా ఎక్కువగా ఉంది. మందు రాసి, ఉప్పు తగ్గించమని, నెలకు మళ్లీ తప్పకుండా రమ్మని చెప్పాను.

“యాడికి రావాలె? నువ్వు దుకాణం బంద్ పెడ్తున్నవ్ గదా. నా పానాన్ని సగంల ఇడిశిపెట్టి పోతవా?”

ఆయన ఫీజు బల్ల మీద పెట్టి, ఖాళీ ట్రాలీతో వెళ్లిపోయారు. ట్రాలీ కిరాయి మాత్రం నా చేతే ఇప్పించారు.

నెల తిరిగేసరికి ఆయన బీపీ అద్భుతంగా అదుపులోకి వచ్చింది. నా గర్వానికి హద్దు లేదు. ఆయన కూడా ఊరుకోలేదు. “అల్వాల్ల డాక్టరమ్మ నెల దినాల్లనే దించింది” అని చిలకలగూడ అంతా చాటారు. ఆ మాట విని బస్సెక్కి వచ్చిన వాళ్లతో, వాళ్లు చెప్పగా వచ్చిన వాళ్లతో నా ఆరు కుర్చీలూ నిండాయి. ఏడాది నిండకముందే గాజులు అత్తగారి చేతికి వచ్చాయి. నా వైద్యం గొప్పదనం ఎవరికి చెప్పాల్సి వచ్చినా, సిగ్గులేకుండా యాదగిరి గారి బీపీ కథే చెప్పేదాన్ని.

మొన్న పరామర్శకు వెళ్తే ఆయన భార్య ఎల్లమ్మ గారు ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టారు. నిండా నేను రాసిన మందుల చీటీలు, నెలల వారీగా.

“గిండ్ల ఒక్క గోలి సుత కొనలేదమ్మా. పన్నెండేండ్ల సంది మా గల్లీ డాక్టర్ సాబ్ మందులే ఏసుకుంటుండె. ఆ దినం నీ కాడికి వచ్చే ముందు రెండు దినాలు గోలీలు బంద్ పెట్టిండు. నేనెంత మొత్తుకున్నా ఇనలే. ‘పిల్ల మంచిగ చూస్తది, ధైర్యమే లేదు’ అన్నడు.”

వైద్యురాలిని కనుక ముందు కోపమే వచ్చింది. రెండు రోజులు మందు మానేసి, ప్రాణం మీదికి తెచ్చుకుని, నాకొక రోగిని తయారుచేస్తాడా ఆ మనిషి! ఎదురుగా ఉంటే కేకలేసేదాన్ని. లేరు కనుక, ఆ చీటీలు ఒళ్లో పెట్టుకుని వాళ్ల గడప మీదే కూర్చుని ఏడ్చాను.

ఆ పరోపకారికి, ఆ మొండి మనిషికి, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న క్లినిక్‌కు వెళ్లగానే బీపీ ఉన్నవాళ్లందరినీ నేను రాసిన గోలీలు చూపించమన్నాను. అందరూ చూపించారు. అందరూ నిజంగానే వేసుకుంటున్నారు. ఆయనలాంటి రోగి నాకిక ఒక్కరూ లేరు.